బేది మాత్ర, వణుకు మాత్ర

మా యానాది కాలనీల్లో షుగరు మాత్రలకు కంపెనీ పేర్లు పలకరు. మెట్‌ఫార్మిన్‌ను బేది మాత్ర అంటారు. గ్లిమిపిరైడ్‌ను వణుకు మాత్ర అంటారు. రెండూ కలిపి ఒకే బిళ్లగా వచ్చేదాన్ని ఎం వన్, ఎం టూ అంటారు, అది మెడికల్ షాపువాళ్లు నేర్పిన పేరు. మొదటి రెండు పేర్లు ఎవరూ నేర్పలేదు. మింగినవాళ్లు తమ ఒంట్లో జరిగింది చూసుకుని పెట్టుకున్నారు. డాక్టర్లు సైడ్ ఎఫెక్ట్ అనేదాన్ని మావాళ్లు మాత్రకే పేరు చేసేశారు. పేరు బాగానే పెట్టారు, తప్పేం లేదు. కానీ ఆ పేరు కాలనీ దాటి డాక్టరు బల్ల దాకా పోవడం లేదు. అక్కడ అడిగేవాళ్లు తక్కువ, ఇక్కడ చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. ఈలోగా మాత్రలు పెంటదిబ్బలోకి పోతున్నాయి, లేకుంటే మనుషులు పడిపోతున్నారు.

శ్రీకాళహస్తి, ఏర్పేడు, సత్యవేడు, పుత్తూరు చుట్టుపక్కల మావాళ్లు చేసే పనులు అందరికీ తెలిసినవే. చెరుకు నరకడం, మామిడి కాయలు కోయడం, గుజ్జు ఫ్యాక్టరీల్లో తొక్క తీయడం, ఇటుక బట్టీలు, చేపల గుంటల కాపలా, వరి పొలాల్లో ఎలుకలు పట్టడం. 2022 ఏప్రిల్ 4న తిరుపతి కొత్త జిల్లా అయ్యింది. ఏ కాలనీ ఏ జిల్లాలోకి పోయినా పనులు అవే, పనివేళలూ అవే. కోడి కూయకముందే లేచి మేస్త్రీ ఆటో ఎక్కాలి. కడుపులో పడేది ఒక గ్లాసు టీ. పదిన్నరకో పదకొండుకో సద్ది మూట విప్పుతారు. మళ్లీ పొయ్యి వెలిగేది పొద్దుగూకినాక. కొన్నిరోజులు అదీ ఉండదు. మాత్రల చీటీ మీద మాత్రం "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిండికి ముందు" అని ఉంటుంది. ఆ చీటీ ఎనిమిదింటికి టిఫిను, ఒంటిగంటకు భోజనం, రాత్రి మళ్లీ భోజనం చేసే మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసింది. మా కాలనీలో అట్లాంటి మనుషులెవరంటే ఉద్యోగం వచ్చిన మేం కొద్దిమందిమే.

షుగరు మాది కాదనే అనుకునేవాళ్లం. బలిసినోళ్ల జబ్బు, కూర్చుని తినేవాళ్ల జబ్బు అని. దేశంలో 10 కోట్లమందికి పైగా షుగరు ఉందని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో లెక్క తేల్చింది. అందులో మా బక్కోళ్లు కూడా ఉన్నారు. రేషను బియ్యం మూడుపూటలా తిని, పప్పూ కూరా పేరుకు మాత్రమే చూసే ఇళ్లలో నలభై ఐదు కిలోల మనిషికి కూడా షుగరు మూడొందలు కనిపిస్తోంది. చిత్తూరుకు పక్కనే ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్లు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి ఇట్లాంటి బక్క మనుషుల షుగరును పరిశోధించారు. చిన్నతనం నుంచి తిండి చాలక వచ్చే షుగరు వేరే రకమని, ఒంట్లో ఇన్సులిన్ పని చేయకపోవడం కాదు, ఊరడమే తక్కువని తేల్చారు. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ మహాసభలో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య దానికి టైప్ 5 అని పేరు పెట్టింది. మా కాలనీల్లో ఎవరిది టైప్ 2, ఎవరిది టైప్ 5 అని విడదీసి చూసినవాళ్లు లేరు. అందరికీ అవే మాత్రలు.

వణుకు మాత్ర దగ్గరికి వద్దాం. మాకు వరసకు చిన్నాయన అయ్యే ఒకాయన, యాభై దాటినవాడు, చెరుకు నరకను పోయాడు. పక్కనే బెల్లం గానుగ. పొద్దున మాత్ర వేసుకున్నాడు. మానకుండా వేసుకోమన్నారు గదా అని బుద్ధిగా వేసుకున్నాడు. ఆ రోజు ఇంట్లో సద్ది లేదు, గానుగ దగ్గర ఏదో ఒకటి పెడతారులే అనుకున్నాడు. తొమ్మిదిన్నరప్పుడు కత్తి జారింది. చెమటలు కారిపోయాయి, మాట ముద్దగా వచ్చింది, మేస్త్రీ మీద ఊరికే కసురుకున్నాడు, తర్వాత చెరుకు మోపు మీదనే ఒరిగిపోయాడు. "పొద్దన్నే ఏసుకోనొచ్చినాడు, పక్కకు లాగి పండబెట్టండబ్బా" అన్నారు. లాగి చెట్టు నీడన పండబెట్టి పనిలో పడ్డారు. అర్ధగంట గడిచింది. పాకం తిప్పే ఆయన పెండ్లాం అటుగా వచ్చి వంగి నోటి దగ్గర వాసన చూసింది. ఆమెకూ షుగరే. "సారా వాసన యాడుండాది? ఇది షుగరు దిగిపోయిండేది" అని అరిచింది. అప్పటికి ఆయన ఇంకా మింగగలిగే స్థితిలో ఉన్నాడు. బెల్లం నీళ్లు కలిపి కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా తాపించారు. పావుగంటకు కండ్లు నిలబెట్టి చూశాడు. చుట్టూ వందల బుట్టల బెల్లం. ఆ నడుమ ఒక మనిషి ఒంట్లో తీపి చాలక పోబోయాడు.

ఆ మాత్ర చేసే పని చెబితే మా పిల్లలకు కూడా అర్థమవుతుంది. కడుపులో క్లోమం అని ఒక గ్రంథి ఉంది. అది ఇన్సులిన్ వదిలితే నెత్తురులో చక్కెర కండల్లోకి పోతుంది. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ అనే మాత్రలు ఆ గ్రంథిని పిండి ఇన్సులిన్ వదిలిస్తాయి. మనం తిన్నామా లేదా అని అవి చూడవు. బావిలో నీళ్లున్నా లేకున్నా స్విచ్చి వేస్తే మోటారు తిరుగుతుంది గదా, అట్లా. తిన్న రోజు మేలు చేస్తుంది, తినని రోజు ఉన్న కొంచెం చక్కెరనూ లాగేస్తుంది. మెదడుకు చక్కెర అందకుంటే మాట తడబడుతుంది, కోపం వస్తుంది, తూలుతారు, ఫిట్స్ వస్తాయి, ప్రాణమూ పోతుంది.

ఈ మాత్రల పుట్టుకే ఇట్లాంటి సంఘటనలోంచి. 1942లో, యుద్ధం నడుస్తున్న కాలంలో, ఫ్రాన్సు దేశం మాంట్‌పెలియర్ ఊళ్లో మార్సెల్ జాన్‌బాన్ అనే డాక్టరు టైఫాయిడ్ రోగులకు ఒక కొత్త సల్ఫా మందు ఇచ్చాడు. కొందరికి ఉన్నట్టుండి నెత్తురులో చక్కెర పడిపోయింది, ప్రాణాలూ పోయాయి. ఆగస్టె లూబతియేర్ అనే ఇంకో శాస్త్రవేత్త ఎందుకట్లా జరిగిందో వెదికాడు. ఆ వెదుకులాటే షుగరు మందుకు దారి తీసింది. అంటే చక్కెర పడిపోవడం ఈ మందుకు పక్కన అంటుకున్న గుణం కాదు, దాని అసలు గుణమే. అన్నం ముందు పెట్టుకుని మింగాల్సిన మాత్ర అది.

తాగి పడ్డాడని వదిలేయడం గురించి ఒక మాట చెప్పాలి. మావాళ్లు తాగరని మేం చెప్పడం లేదు. తాగుతారు, కొందరు మితిమీరే తాగుతారు, అట్లా కాలనీలో ఇండ్లు కూలినవి మాకు తెలుసు. తాగితే వణుకు మాత్ర ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, అదీ నిజమే. అయితే ఊళ్లో పెద్ద కులపాయన బస్టాండులో పడిపోతే నీళ్లు తెస్తారు, బీపీ ఏమో షుగరేమో అంటారు. మావాడు పడిపోతే ముందు నోరు మూసుకుని పక్కకు జరుగుతారు. బ్రిటీషోళ్లు 1871లో కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్తులుగా రాసే చట్టం తెచ్చారు. 1952లో దేశమంతటా అది పోయింది. ఆ చూపు ఇంకా ఉంది. ఈ చూపు వల్ల ఆలస్యమయ్యే అర్ధగంటను ఏ మందుల పుస్తకంలోనూ సైడ్ ఎఫెక్ట్‌గా రాయరు. మా లెక్కలో అది కూడా ఒకటి.

అందుకని బడిలో, కాలనీలో మేం ఒకటే చెబుతున్నాం. చెమట, వణుకు, ఆకలి, గుండె దడ, తలాతోకా లేని మాట, ఇవి కనిపిస్తే ముందు షుగరేమో అనుకోండి, తర్వాతే సారా అనుకోండి. మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాపండి, లేదా బెల్లం. పావుగంట చూసి తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక తప్పకుండా అన్నమో సంగటో పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పండబెట్టి 108కి ఫోను చేయండి. ఇంకొకటి చాలామందికి తెలియదు. బెల్లం తిని లేచి కూర్చున్నాడు గదా అని మళ్లీ పనికి పంపకూడదు. మాత్ర ఒంట్లో గంటల తరబడి పని చేస్తూనే ఉంటుంది, సాయంత్రం మళ్లీ పడిపోవచ్చు. ఆసుపత్రిలో చూపించాల్సిందే. ముసలివాళ్లకు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ సేపు నిలుస్తుంది. గ్లిబెన్‌క్లమైడ్ అరవై దాటినవాళ్లకు తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అవసర మందుల జాబితాలోనే రాసింది. మా అవ్వాతాతల పాత కవర్లలో ఆ మాత్ర ఇప్పటికీ కనిపిస్తుంది. ఎప్పుడో రాసిచ్చిన చీటీ చూపించి ఏండ్ల తరబడి అదే కొనుక్కుంటున్నారు.

రాత్రిపూట పడిపోయేవాళ్ల సంగతి ఎవరికీ తెలియదు. సాయంత్రం మాత్ర వేసుకుని, చారు నీళ్లతో రెండు ముద్దలు తిని పడుకుంటారు. నిద్రలో చెమటకు చీర తడిసిపోతుంది, పీడకలలు వస్తాయి, పొద్దున తల పగిలిపోయేట్టు నొప్పి. "రేత్రి నన్నెవురో తొక్కినట్లుండాది నాయనా" అంటుంది మా పెద్దమ్మ. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. తాయెత్తును మేం తీయమనలేదు. మాత్ర ఎప్పుడు వేసుకుంటావు, అన్నం ఎంత తింటావు అని అడిగాం. అడిగితే తెలిసింది, కోడలి ఇంట్లో కూడు చాలని రోజుల్లోనే ఆ దయ్యం వస్తోంది.

ఇక బేది మాత్ర. మెట్‌ఫార్మిన్ మంచి మందు, చవక మందు. ఒక్క దాన్నే వేసుకుంటే షుగరు మరీ దిగిపోవడం అరుదు. దేశదేశాల్లో షుగరు వచ్చినవాళ్లకు మొదట ఇచ్చే మందు ఇదే. పదిమందిలో ఇద్దరికో ముగ్గురికో మొదట్లో కడుపు ఉబ్బరం, వికారం, నోట్లో ఇనుము రుచి, బేదులు. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. పుస్తకాల్లో దీన్ని చిన్న ఇబ్బంది అని రాస్తారు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తొక్క తీసే ఆడమనిషిని అడగండి చిన్నదో పెద్దదో. వరుసలో నిలబడి చేసే పని, లేచి పోతే సూపర్‌వైజరు కేక, రెండోసారి పోతే కూలిలో కోత. తోటల్లో, చెరుకు పొలాల్లో మరుగుదొడ్డి అనే మాటే లేదు, మగవాళ్ల నడుమ చెట్టు చాటు వెదుక్కోవాలి. ఆటోలో ఇరవైమంది నడుమ ఇరుక్కుని గంట ప్రయాణం. కడుపు ఎప్పుడు తిరుగుతుందో తెలియని మనిషి ఏం చేస్తుంది? మాత్ర మానేస్తుంది. సీజను మూడు నెలలు మాత్ర బందు.

మానేసిన సంగతి ఎవరికీ చెప్పదు. ఆసుపత్రిలో మందుల బల్ల దగ్గర వెనక పదిమంది నిలబడి ఉండగా "నాకు బేదులైతా ఉండాయి సార్" అని చెప్పడం ఆమె వల్ల కాదు. "మాత్రలు ఏసుకుంటా ఉండావా?" అంటే "ఏసుకుంటా ఉండా" అంటుంది. షుగరు చూస్తే ఎక్కువుంటుంది. మందు చాలలేదని డాక్టరు మోతాదు పెంచుతాడు, లేదంటే గ్లిమిపిరైడ్ కలుపుతాడు. ఆయన ముందున్న కాగితం ప్రకారం ఆయన చేసింది సరైనదే. ఒకరోజు కొడుకు వచ్చి "ఎందుకు వేసుకోవు" అని గట్టిగా అరిచి, రాసినవన్నీ ఒకేసారి మింగిస్తాడు. అప్పుడు వేసుకోని మనిషికి పెంచిన మోతాదంతా ఒక్కసారి తగులుతుంది. బేదులకు సిగ్గుపడి చెప్పకపోతే కథ చివరికి వణుకు దగ్గర తేలుతుంది. ఇట్లాంటివి మేం ఒకటి కాదు, మూడు ఇండ్లలో చూశాం.

దీనికి దారి ఉంది, కష్టమైన దారి కూడా కాదు. 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచడం, అన్నం నడుమనో అన్నం అయిన వెంటనేనో మింగడం. అప్పటికీ తగ్గకపోతే మెల్లగా కరిగే రకం ఉంటుంది, అట్ట మీద ఎస్‌ఆర్ అనో ఈఆర్ అనో ఎక్స్‌ఆర్ అనో ఉంటుంది. దాన్ని పగలగొట్టకూడదు, నమలకూడదు. ఆ రకం మాత్ర డొల్ల కొందరికి దొడ్డికి పోయినప్పుడు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. "మాత్ర కరగనే లేదు, నకిలీది" అని మా కాలనీలో ఒకామె పొట్లమంతా పారేసింది. మందు ఒంట్లోకి పోయి డొల్ల మాత్రమే బయటికి వస్తుందని చెప్పేదాకా నమ్మలేదు, చెప్పినాక కూడా సగమే నమ్మింది. వాంతులు బేదులు పట్టుకుని మనిషి ఎండిపోతున్నప్పుడు, కిడ్నీలు బాగా పాడైనప్పుడు ఈ మాత్ర ప్రమాదం, నెత్తురులో ఆమ్లం పేరుకుంటుంది. అట్లాంటి రోజు ఆలోచన పెట్టుకోకుండా ఆసుపత్రికి పోవాలి. సారా మీద సారా తాగేవాళ్లకూ ఇదే హెచ్చరిక.

ఏండ్ల తరబడి వేసుకునేవాళ్లలో ఇంకొకటి కనిపిస్తుంది. పాదాలు తిమ్మిరెక్కడం, చీమలు పాకినట్టుండడం. షుగరే నరాలను దెబ్బతీస్తుంది గాబట్టి అందరూ దాని ఖాతాలో రాసేస్తారు. కానీ మెట్‌ఫార్మిన్ ఎక్కువకాలం వాడితే ఒంట్లో బి12 విటమిన్ తగ్గుతుంది, తిమ్మిరికి, నెత్తురు తగ్గడానికి అది కూడా కారణం. నెత్తురు పరీక్ష చేసి, తక్కువుంటే మాత్రో సూదో వేస్తే సరిపోతుంది. ఈ విటమిన్ ఆకుకూరల్లో ఉండదు. మాంసంలో, చేపల్లో, గుడ్లలో, పాలల్లో ఉంటుంది. మా తాతలు పొలం ఎలుకలు కాల్చుకుని, గుంటల్లో చేపలు, ఎండ్రకాయలు పట్టుకుని తిన్నారు. ఎలుకలు తింటారని బడిలో మమ్మల్ని ఎగతాళి చేశారు. ఇప్పుడు గుంటలు లీజుకు పోయాయి, మా తాతలు చేపలు పట్టిన నీళ్లకు మావాళ్లు జీతానికి కాపలా కాస్తున్నారు. పొలాల్లో ఎలుక మందు చల్లుతున్నారు, ఆ ఎలుకను తినలేం. తినేది బియ్యం, చారు. మాత్ర బి12ను తగ్గిస్తుంటే దాన్ని పూడ్చే తిండి కంచంలో లేదు. చెప్పులు లేకుండా చెరుకు మోళ్లలో నడిచేవాడికి కాలు తిమ్మిరెక్కితే గుచ్చుకున్నది తెలియదు. పుండు పడి, చీము పట్టి, వేలు తీసేసినాక తిరుపతి నుంచి ఇంటికి వచ్చినవాళ్లు మా కాలనీల్లో ఉన్నారు.

ఇక్కడిదాకా చదివిన మా యువకులు కొందరు "అందుకే ఇంగ్లీషు మందు వద్దు, మన ఆకు ఉంది గదా" అంటారని మాకు తెలుసు. పొడపత్రి మన ఆకే. శేషాచలం కొండల్లో, కాళహస్తి గుట్టల్లో కంపల మీద పాకే తీగ. రెండాకులు నమిలి చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టుంటుంది, తీపి తెలియదు. బడిలో మా పిల్లలకు ఇది చూపించిన రోజు వాళ్ల ముఖాలు చూడాలి! మద్రాసు విశ్వవిద్యాలయం పరిశోధకులు టైప్ 2 షుగరున్న 22 మందికి మాత్రలతోపాటు ఈ ఆకు సారం ఏడాదిన్నర పైగా ఇచ్చి, 1990లో ఫలితాలు ప్రచురించారు. షుగరు తగ్గింది, మాత్రల మోతాదు తగ్గించాల్సి వచ్చింది, ఐదుగురు మాత్రలు మానగలిగారు. చిన్న పరిశోధనే, దాన్ని పట్టుకుని మందులు పారేయమని మేం చెప్పం. మేం చెప్పేది దానిలోని రెండో వైపు. ఆకు పని చేస్తుంది గనకనే వణుకు మాత్రతో కలిసినప్పుడు షుగరు ఇంకా కిందికి దిగుతుంది. అక్కడ డాక్టర్లు నెత్తురు చూస్తూ మోతాదు తగ్గించారు. మా ఇండ్లలో ఆకు పసరు తాగేది దొంగచాటుగా, మాత్ర వేసుకునేది బహిరంగంగా. డాక్టరు తిడతాడని పసరు సంగతి దాస్తారు. దాచితే మోతాదు తగ్గించేదెవరు?

మెట్‌ఫార్మిన్‌కు కూడా ఒక మొక్క ఉంది మొదట్లో. యూరప్ పల్లెల్లో మేకలకు మేతగా ఎరిగిన గలీగా అనే మొక్కలో షుగరును తగ్గించే పదార్థం దొరికింది. ఆ దారిలో పోయి ల్యాబులో మెట్‌ఫార్మిన్ తయారు చేశారు, జాన్ స్టెర్న్ అనే పారిస్ డాక్టరు 1957లో దాన్ని మనుషుల మీద వాడి రాశాడు. అక్కడి పల్లెటూరివాళ్ల మొక్కకు పరిశోధన దక్కింది, మోతాదు దక్కింది, సైడ్ ఎఫెక్టుల పట్టీ దక్కింది. మా పొడపత్రికి ఇంకా పట్టీ సరిగా రాయలేదు. రాసేవాళ్లలో మా పిల్లలు ఉండాలని కోరిక.

కొత్త మాత్రలు కూడా కాలనీ గడప దాకా వచ్చాయి. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020లో అయిపోయి ధర బాగా పడిపోయింది. గుండెకు, కిడ్నీకి మేలు చేస్తుందని పేరు. అది చక్కెరను ఒంటికి పోసేటప్పుడు బయటికి పంపిస్తుంది, అందుకని మాటిమాటికీ పోయాలి, మర్మస్థానంలో దురద, బూజు పట్టవచ్చు, ఎండలో ఒళ్లు ఎండిపోవచ్చు. ఉపవాసం ఉంటే ఇంకో ప్రమాదముంది, షుగరు అంకె మామూలుగానే కనిపిస్తూ లోపల ఆమ్లం పెరుగుతుంది. నీళ్ల కోసం బిందెల వరుసలో నిలబడే ఇంటికి, ఏప్రిల్ ఎండలో ఇటుక మోసే మనిషికి ఈ మాత్ర రాసేముందు రెండు ప్రశ్నలు ఎక్కువ అడగాలి. పయోగ్లిటజోన్ అయితే 2013 జూన్‌లో కేంద్రం ఆపేసి, మళ్లీ జూలై చివరకు హెచ్చరిక రాయమని వదిలింది. కాళ్లు నీరు పట్టడం, గుండె జబ్బున్నవాళ్లకు ముప్పు, మూత్రాశయం క్యాన్సరు అనుమానం, ఇవి ఆ హెచ్చరికలోనివి. హెచ్చరిక ఇంగ్లీషులో సన్న అక్షరాల్లో ఉంటుంది.

అక్షరాల మాట వచ్చింది గనక టీచర్లుగా మేం చేస్తున్నది చెబుతాం. ప్రభుత్వ ఆసుపత్రిలో మాత్రల అట్టను కత్తిరించి ఇస్తారు, కత్తిరించేటప్పుడు సగం పేరు పోతుంది. ప్రైవేటు డాక్టరు రాసింది ఇంకో రంగు అట్ట. ఒకామె ప్రభుత్వం ఇచ్చిన గ్లిమిపిరైడు, మెడికల్ షాపులో కొన్న ఎం టూ రెండూ వేసుకుంటూ ఉండేది. ఎం టూ లోపల రెండు మిల్లీగ్రాముల గ్లిమిపిరైడ్ ఉంటుంది. పేర్లు వేరు, రంగులు వేరు, లోపలి మందు ఒకటే. చదివేవాళ్లు లేని ఇంట్లో అది ఎట్లా తెలుస్తుంది? మా ఐదో తరగతి పిల్లలే ఆ ఇండ్లకు చదివే కండ్లు. అందుకని ఇంగ్లీషు పీరియడ్‌లో ఖాళీ అట్టలు తెమ్మన్నాం, నిండువి తేవద్దని గట్టిగా చెప్పాం. అట్ట మీద పెద్ద అక్షరాల్లో కంపెనీ పేరు, కింద చిన్న అక్షరాల్లో మందు పేరు ఉంటుంది. మందు పేరు వెదికి రాయడం పాఠం. గ్లిమి అని మొదలైతే ఎర్ర గీత, మెట్ అని మొదలైతే పచ్చ గీత. ఎర్ర గీత రెండు అట్టల మీద పడితే మాకు చెప్పాలి. పిల్లల మీద పెద్దల బరువు పెడుతున్నామా అని మాలో ఒక టీచరు అడిగింది. న్యాయమైన మాటే. మాత్ర వేసుకోమని, మానమని పిల్లలు చెప్పకూడదు, చదివి చెప్పడం వరకే అని గిరి గీశాం.

గ్రామ ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మకు ఒక మాట చెప్పుకున్నాం. "మాత్రలు వేసుకుంటున్నావా" అని అడిగే ముందు "నిన్న ఎన్నిసార్లు తిన్నావు, ఎప్పుడెప్పుడు తిన్నావు" అని అడగండమ్మా అని. ఆమె నవ్వి, "నాకు అంత టైము యాడిది సార్" అంది. తర్వాత నెలలో మా చిన్నాయనను అడిగిందట. ఆయన పని ఉన్న రోజుల్లో ఎట్లా తింటాడో, లేని రోజుల్లో ఎట్లా తింటాడో చెప్పాడు. డాక్టరు వచ్చిన రోజు ఆ కాగితం చూసి పొద్దున మాత్రను పదకొండుకు, సద్ది ముందు పెట్టుకుని వేసుకోమన్నాడు, మోతాదు సగం చేశాడు, తిండి లేని పూట ఆ మాత్ర వేసుకోవద్దని విడిగా చెప్పాడు. మందు మారలేదు, వేళ మారింది. ఇది అందరికీ వర్తించే సలహా కాదు, ఆయనకు ఆయన డాక్టరు చెప్పింది. ఎవరికి వాళ్లు అడిగి తెలుసుకోవాల్సిందే.

మందు వల్ల చెడు జరిగితే చెప్పుకోవడానికి ప్రభుత్వం 2010 నుంచి ఒక కార్యక్రమం నడుపుతోంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని చూస్తుంది. రోగి కూడా నేరుగా చెప్పవచ్చు. 1800 180 3024, డబ్బులు పడని నంబరు. కాలనీలో ఆ నంబరు తెలిసినవాళ్లను మేం ఇంతవరకు చూడలేదు. బడి గోడ మీద ఎక్కాల పక్కన 108 కింద రాయించాం.

ఆడవాళ్ల మాట ఇంకా మిగిలి ఉంది. బేదుల సంగతి ఆసుపత్రిలో చెప్పలేమన్నవాళ్లు బడిలో మా టీచరమ్మకు చెబుతున్నారు, ఆమె చీటీ రాసి పంపుతోంది. మామిడి సీజను మొదలయ్యేలోపు మెల్లగా కరిగే మాత్రకు మార్చమని అడగాల్సినవాళ్లు ఏడుగురున్నారు. తిమ్మిరి ఉందని చెప్పిన ఇద్దరు ముసలివాళ్ల మాత్రల కవర్లు మా బల్ల సొరుగులో ఉన్నాయి. వచ్చే బుధవారం డాక్టరు వస్తాడన్నారు.